పట్టని చేతుల లెక్క

సన్నాహక ఆట అయిపోగానే స్కోరు కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. ఆ రాత్రికి దానితో పనిలేదు. ఎవడు ఎన్ని పట్టాడో అందులో ఉంటుంది. మన డిఫెన్స్ ఎలా ఆడిందో ఉండదు. కాలు పట్టినవాడి పేరు పక్కన గీత పడుతుంది. రైడర్ ఆ కాలు అక్కడ పెట్టక తప్పకుండా చేసిన ముగ్గురు నలుగురి పేర్ల పక్కన ఏమీ పడదు. అరకు కొండల్లో ఆశ్రమ పాఠశాల పిల్లలకు కబడ్డీ నేర్పుతూ ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్నది ఆ ముగ్గురు నలుగురినే.

నా ఉద్యోగం పీఈటీ. ఊళ్లో డ్రిల్లు మాస్టారంటారు. పొద్దున్నే పిల్లల్ని లేపి పరుగెత్తించడం, ప్రార్థనకు వరుసలు కట్టించడం, సాయంత్రం ఆటలు. హాస్టల్ పిల్లలు కాబట్టి సెలవు రోజైనా మైదానం ఖాళీగా ఉండదు. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, కోందు పిల్లలందరూ ఒకే బరిలో ఉంటారు. జూన్‌లో బడి తెరిచేసరికి పదో తరగతి దాటినవాళ్లు వెళ్లిపోయి జట్టులో సగం కొత్త ముఖాలు. వెంటనే వానలు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం, ఆ రోజుల్లో ఆటల పోటీలు. ఆ వెనకే స్కూల్ గేమ్స్ ఎంపికలు: మండలం నుంచి జిల్లాకు, అక్కడ నెగ్గితే రాష్ట్రానికి. అందుకని జులైలో వాన తెరిపిచ్చిన ఏ ఆదివారమో ఒక సన్నాహక ఆట పెట్టుకుంటాం. ఘాట్ రోడ్డు దిగితే ఎస్.కోట. అటువైపు నుంచి ఒక జట్టును పిలుస్తాం. కింది పిల్లలు మా పిల్లలకంటే బరువూ, ఎత్తూ. వాళ్లతో తలపడితేనే మా లోటుపాట్లు బయటికొస్తాయి.

ముందు కోర్టు సంగతి. మా ఎర్రమట్టి మీద సున్నంతో గీత గీస్తే ఒక్క జల్లుకు పోతుంది. గీత వెంట వేలు లోతున గాడి తీసి, కొబ్బరి తాడు పరిచి, చివరి మేకులు కోర్టుకు బాగా బయట దిగ్గొట్టండి. తాడు నేలకు సమంగా ఉండాలి, కాలికి తగలకూడదు. పెద్దవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ గీత, దానికి మరో మీటరు వెనక బోనస్ గీత. అంటే బోనస్ గీత నుంచి వెనక గీతకు మిగిలేది 1.75 మీటర్లు. రెండు పక్కలా మీటరు చొప్పున లాబీలు తీసేస్తే వెడల్పు 8 మీటర్లు. ఏడుగురు డిఫెండర్లు ఎక్కువసేపు గడిపేది ఈ ఇరుకు చారలోనే. రైడర్‌కి 30 సెకన్లు, ముందు కావలసినంత చోటు. మనవాళ్లకు వెనక గీత, పక్క గీతలు. కాలు బయట పడితే అవుట్. చిన్నవాళ్లకు, బాలికలకు కోర్టు కొలతలు తగ్గుతాయి గానీ సాధన మాత్రం నేను పెద్ద కోర్టు మీదే చేయిస్తాను. ఆ వెడల్పును కాచుకోగలిగిన పిల్లలకు చిన్న కోర్టులో ఊపిరి ఆడుతుంది.

మొన్నటి సన్నాహక ఆట మేమే నెగ్గాం. ఆఖరి రెండు నిమిషాల్లో మా కుడి కార్నర్ వరసగా రెండు చీలమండలు పట్టాడు. పిల్లలు వాణ్ని భుజాల మీదకెత్తుకున్నారు. కింది నుంచి వచ్చిన జట్టు మర్యాదగా చేతులు కలిపి, అన్నం తిని జీపెక్కింది. ఇక అసలు పంచాయితీ మొదలైంది.

మా మైదానానికి గ్యాలరీ లేదు. ఒకవైపు రాతి గట్టు, ఒకవైపు పనస చెట్లు, వెనక గీత అవతల వంటశాల అరుగు, మిగిలిన పక్క బాట. నాలుగు పక్కలా మనుషులు నిలబడతారు. ఏళ్ల తరబడి ఎవరి చోటు వాళ్లదే. వెనక గీత దగ్గర ఒక కాఫీ తోట పెద్దాయన కూర్చుంటాడు. కుర్రతనంలో చెడుగుడు ఆడినవాడు. గట్టు మీద జీపు డ్రైవర్లు. పనస చెట్ల కింద తల్లులు, సంతకు వచ్చిపోయే ఆడవాళ్లు. బాట మీద మా పాత విద్యార్థులు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీలకు నేను చెప్పే మొదటి మాట ఇది: ఆట అయిన వెంటనే పిల్లల దగ్గరికి పోకండి, ఈ నాలుగు పక్కలకూ పోయి వినండి. మీరు ఒక్క చోట నిలబడి చూశారు. ఆట నాలుగు పక్కల నుంచి నాలుగు రకాలుగా కనబడుతుంది. మధ్య గీత దగ్గర నిలబడినవాడికి పట్టు కనబడుతుంది. వెనక కూర్చున్నవాడికి పట్టుకు ముందు మడమలు కనబడతాయి.

ఆ రోజు గట్టు మీదంతా సంబరం. పెద్దాయన మాత్రం చుట్ట ఆర్పేసి నన్ను పిలిచాడు.

"నెగ్గేం మాస్టారూ, బాగానే ఉంది. ఆ కుడి మూల గుంటడి మడమలు సూసేరా? ఎగరబోయే ముందు రెండు మడమలూ లేస్తన్నాయి. కూతకొచ్చినోడు దాన్ని కనిపెట్టలేదు గానీ, కనిపెట్టినోడొస్తే ఆడు రోజంతా బయటే కూకుంటాడు."

"రెండు పట్టేడు కదా తాతా, ఇంకేటి?" అన్నాడు గట్టు మీది డ్రైవర్.

"రెండు పట్టేడు. అంతకుముందు ఎన్ని ఒగ్గేసేడో లెక్కెట్టేవా?"

ఆ లెక్క నా పుస్తకంలో ఉంది. ఈ పుస్తకం అలవాటు మా గురువుగారిది. వాల్తేరు రైల్వేలో ఆడి, రిటైరయ్యాక కూడా ఎక్కడ పిలిస్తే అక్కడికి వచ్చి నేర్పిన మనిషి. ఆయన ప్రతి కూతకూ ఏడు చుక్కలు పెట్టేవారు. రెండు మూలలా రెండు కార్నర్లు, వాళ్ల పక్కన ఇన్‌లు, ఆపైన కవర్లు, నడుమ సెంటర్. రైడర్ నడిచిన దారి ఒక వంకర గీత. ఎవరు మొదట కదిలారో ఆ చుక్క చుట్టూ సున్న. పట్టు కుదిరిందా తప్పిందా అన్నది కింద చిన్న అక్షరంతో. సున్నలు ముఖ్యం, అక్షరం తర్వాత. ఆట అయ్యాక పేజీలు తిప్పితే ఒకే చుక్క చుట్టూ సున్నలు పోగుపడి ఉంటాయి. వాడే తొందరగాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇంకా చాలా ఉంది గానీ ఈ ఒక్కటి చాలు, ఉద్యోగంలో నాకు అన్నం పెట్టింది.

ఆ రోజు పేజీల్లో సున్నలన్నీ కుడి కార్నర్ చుట్టూనే. పెద్దాయన కళ్లూ నా పుస్తకమూ ఒకే మాట చెప్పాయి.

తొందర ఎందుకు పనికిరాదో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే వానాకాలం మొదటి ఆటలో ప్రతి జట్టుకూ వచ్చే రోగం ఇదే. రైడర్ చేయి చాచినట్టు చేస్తాడు. అది ఎర. మనవాడు ఎర మీదికి దూకుతాడు. రైడర్ సగం అడుగు వెనక్కి వేస్తాడు. మనవాడి చేతులు గాలిలో, ఒళ్లు ముందుకు వాలిపోయి ఉంటుంది. వీపు మీద ఒక తట్టు తట్టి రైడర్ ఇంటికి పోతాడు. ఒక పాయింటు పోయింది, ఒక మూల ఖాళీ అయింది. కార్నర్ ఆగాలి. రైడర్ బాక్ గీత దాటాలి, లోపలికి రావాలి, బరువంతా ఒక కాలి మీదికి తెచ్చి రెండో కాలు చాచాలి. ఆ చాచిన కాలు వెనక్కి పోయే క్షణం పట్టుది. అంతకు ముందు దేనికీ కదలకూడదు. చెప్పడానికి తేలికే. పద్నాలుగేళ్ల కుర్రాడు, చుట్టూ ఊరంతా అరుస్తుంటే, కాలు తన ముందు ఆడుతుంటే కదలకుండా ఉండటం ఎంత కష్టమో ఒకసారి మూలలో నిలబడి చూడండి.

డ్రైవర్లకు ఈ ఆగడం నచ్చదు. వాళ్లు ప్రొ కబడ్డీ ఫోన్లలో చూస్తారు. ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలి ఎడమ కార్నర్‌లో నిలబడితే వీళ్లకు పండగ. ప్రొ కబడ్డీలో 500 ట్యాకిల్ పాయింట్లు దాటిన మొదటి డిఫెండర్ అతనే. మా పిల్లలు కూడా అతనిలా మీద పడిపోవాలని వీళ్ల కోరిక. అప్పుడు నేనొక పని చేస్తాను. అదే ఫోన్‌లో అదే ఆట పెట్టించి, పట్టుకు ముందు పది సెకన్లు చూడమంటాను. ఫజల్ ఎంతసేపు ఊరికే నిలబడ్డాడో చూడండి, పక్కన ఇన్‌లో ఉన్నవాడు ఎంత దగ్గరగా జరిగాడో, కవర్లు రైడర్ తిరిగిపోయే దారిని ఎలా మూసేశారో చూడండి అంటాను. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో ఇరాన్ మన జట్టును 18 పాయింట్ల దగ్గర కట్టేసి 27తో నెగ్గింది. 1990లో కబడ్డీ ఆసియా క్రీడల్లోకి వచ్చినప్పటి నుంచి పురుషుల స్వర్ణం మనదే. ఆ రోజుతో ఆ వరస తెగింది. మన రైడర్లు బలహీనులు కారు. ఎదటివాళ్లు ఏడుగురూ ఒక్కటిగా ఆగారు, ఒక్కటిగా కదిలారు.

తెలుగు టైటాన్స్ సంగతి వస్తే గట్టు మీద గొంతులు పెరుగుతాయి. విశాఖ మాకు కొండ దిగితే వచ్చే ఊరు. 2025 ఆగస్టు 29న కొత్త సీజన్ అక్కడే మొదలైతే, తొలి ఆటలో మన జట్టు ఓడిపోతే, ఆ ఓటమి మీద మా గట్టు మీద వారం పాటు చర్చ నడిచింది. నేను వాళ్లకు పదో సీజన్ గుర్తుచేస్తాను. పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు, అప్పటికి లీగ్‌లో అదే అతి పెద్ద ధర. అతను ఆడినంతా ఆడాడు. జట్టు మాత్రం 22 ఆటల్లో రెండే నెగ్గింది. ఎంత గొప్ప రైడరైనా పట్టుబడ్డాక బయట కూర్చోవాల్సిందే. మళ్లీ లోపలికి రావాలంటే ఎదటి జట్టులో ఎవరైనా అవుట్ కావాలి: మన మరో రైడర్ తాకాలి, లేదా కోర్టులో మిగిలినవాళ్లు ఎదటి రైడర్‌ని పట్టాలి. రైడర్‌ని బతికించేది డిఫెన్సే. ఈ మాట డ్రైవర్లు ఒప్పుకుంటారు. కానీ మర్నాడు మళ్లీ రైడర్ల వీడియోలే పంపుతారు.

తొందరను మాన్పించే ఉపాయం నాకు ఫుట్‌బాల్ నుంచి దొరికింది. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునూ, తర్వాత భారత జట్టునూ తయారుచేసిన ఎస్.ఎ. రహీమ్ గారి గురించి మీరు వినే ఉంటారు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే వచ్చాయి. ఆయన బంతిని డ్రిబుల్ చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టేవారు. వాటం లేని కాలితోనే ఆడాలనే పోటీలూ పెట్టేవారు. బాగా వచ్చినదాన్ని కాసేపు నిషేధిస్తే రానిది పెరుగుతుంది. అది చదివాక నేను పట్టు లేని ఆట కనిపెట్టాను. వారానికి ఒక సాయంత్రం డిఫెండర్లు ఎవరినీ పట్టకూడదు. చేతులు వెనక్కి కట్టుకోవాలి. రైడర్‌ని అడుగులతోనే ఒక మూలకు తోసుకెళ్లాలి. 30 సెకన్లలో అతను మూలకు చేరి, తిరిగిపోయే దారికి ఎదురుగా ఇద్దరు నిలబడితే డిఫెన్స్‌కి పాయింటు. ఎవడైనా గీత తొక్కినా, రైడర్ తాకినా రైడర్‌కి పాయింటు.

మొదట్లో పిల్లలకు ఏడుపొచ్చినంత పనైంది. పట్టకుండా కబడ్డీ ఏంటని కుడి కార్నర్ అలిగి అన్నం మానేశాడు. నేను బతిమాలలేదు. పక్కన కూర్చోబెట్టి పుస్తకం చేతికిచ్చి చుక్కలు పెట్టమన్నాను. రెండు సాయంత్రాలు పెట్టాడు. మూడో రోజు వాడే వచ్చి, "సార్, సెంటర్ ముందుకొస్తే నా దగ్గరికి రైడర్ రాడు సార్, వెనక్కి పోతే వస్తాడు" అన్నాడు. ఇంత కాలం నేను చెప్పాలనుకున్నదే. ఈ విద్య పుస్తకం పట్టుకున్నవాడికి త్వరగా వస్తుంది. మీ తొందరగాడికి తప్పక పుస్తకం ఇవ్వండి.

ఇక గొలుసు. కార్నర్, ఇన్ చేతులు కలుపుకుని ఒక జంట. కవర్లు మరో జంట. వేళ్లలో వేళ్లు దూర్చనివ్వకండి, రైడర్ ఆ గొలుసును తన్నుకుని పోతే వేళ్లు విరుగుతాయి. అరచేతిలో అరచేయి, లేదా మణికట్టు పట్టు. గొలుసు బిగువుగానూ ఉండకూడదు, వేలాడకూడదు. ఒకడు అరడుగు వేస్తే రెండోవాడికి చేతి ద్వారా తెలియాలి. ఈ ఒక్క విషయంలో మా ఆడపిల్లలకు నేను పెద్దగా నేర్పిందేమీ లేదు. థింసా నృత్యంలో చిన్నప్పటి నుంచీ ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, డప్పు మలుపు తిరిగితే వరస మొత్తం మలుపు తిరుగుతూ పెరిగినవాళ్లు. పక్కమనిషి ఒంట్లో బరువు ఏ కాలికి మారిందో చూడకుండానే తెలుస్తుంది వాళ్లకు. మగపిల్లల గొలుసు సరిగా లేకపోతే నేను వాళ్లను బాలికల సాధన చూడమని పంపుతాను. పనస చెట్ల కింది తల్లులు కూడా గొలుసులే చూస్తారు. ఆ రోజు ఒకామె, "ఎడమ జంట చెయ్యి ఒగ్గేస్తంది బాబూ, ఆ గుంటలిద్దరికీ పడదేటి?" అని అడిగింది. ఆరా తీస్తే నిజమే. హాస్టల్లో దుప్పటి దగ్గర గొడవపడి ఆ ఇద్దరూ నాలుగు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. ముందు ఆ దుప్పటి గొడవ తీర్చాను, తర్వాత గొలుసు సర్దుకుంది. డిఫెన్స్ లోపం కోర్టులోనే పుట్టనక్కరలేదు. హాస్టల్ మాస్టారుతో రోజూ మాట్లాడండి.

పిలుపులు ఎవరివి? కార్నర్‌వి. రైడర్ వెనక ఏముందో, ఎంత దూరం వచ్చాడో మూల నుంచే బాగా కనబడుతుంది. మా పిల్లలు ఇళ్లలో ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడతారు. బడిలో తెలుగు. మొదట్లో తలా ఒక భాషలో అరిస్తే గందరగోళమయ్యేది. తర్వాత వాళ్లే కూర్చుని ఆదివాసీ ఒడియాలో పొట్టి పిలుపులు నాలుగు ఖాయం చేసుకున్నారు: ఆగు, వెనక్కి, మూసెయ్, పట్టు. కింది నుంచి వచ్చిన రైడర్లకు ఆ పిలుపులు అర్థం కావు. మనం తెలుగులో పట్టు అని అరిస్తే ఎదటివాడు ముందే ఉరుకుతాడు. ఈ తెలివి పిల్లలదే, నాది కాదు. జిల్లా స్థాయిలో ఎన్ని ఆటల్లో ఇది మాకు పనికొచ్చిందో! మీ దగ్గర ఏ భాష ఉంటే దాన్ని వాడుకోండి.

బరువు విషయం దాచి లాభం లేదు. మా పిల్లలు తేలిక. ఛాతీతో గుద్ది రైడర్‌ని గీత దాటించే డాష్ మాకు అంతగా సాగదు. మా ఆయుధం చీలమండ పట్టు, దాని వెంట రెండో చెయ్యి. చీలమండ పట్టేవాడు మోకాళ్లు వంచి కిందికి దిగాలి, నడుము వంచి కాదు. రెండు చేతులూ తాళం వేసినట్టు కాలి చుట్టూ బిగించి, కాలిని ఛాతీకి లాక్కోవాలి. గడ్డం గుండెకు ఆనించి తల కాలికి బయటివైపు ఉంచాలి. లేకపోతే రైడర్ మోకాలు ముఖానికి తగులుతుంది. ఇది మొదటి రోజే, ఇంకా పట్టు నేర్పకముందే నేర్పండి. పట్టాక వాడు లెక్క ప్రకారం ఒక క్షణమే ఆపగలడు. ఆ క్షణంలో ఇన్ వచ్చి తొడ పట్టాలి, కవర్ వచ్చి నడుము ముందు అడ్డుపడాలి. సాయం ఆలస్యమైతే తేలికవాణ్ని ఈడ్చుకుంటూ రైడర్ మధ్య గీతకు చేయి అందిస్తాడు. అప్పుడు పట్టినవాడే కాదు, తాకినవాళ్లందరూ అవుట్. ఒక్క ఆలస్యానికి ఇద్దరు ముగ్గురు పోతారు. అందుకే పుస్తకంలో రెండో చెయ్యి ఎన్ని అడుగుల తర్వాత వచ్చిందో కూడా రాస్తాను. సన్నాహక ఆటలో మా ఎడమ కవర్ దాదాపు ప్రతిసారీ ఒక అడుగు వెనకే వచ్చాడు. ఆఖర్లో కుడి కార్నర్ పట్టిన ఆ రెండు చీలమండలనూ నిజానికి నిలబెట్టింది కుడి ఇన్. ఊరు భుజాల మీదకెత్తుకున్నది ఒకణ్ని. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను అందరి ముందూ రెండోవాడి పేరు చెప్పాను. పుస్తకం తెరిచి పేజీ చూపించాను. వాడి ముఖం చూడాల్సింది.

మ్యాట్ గురించి ఒక మాట. మట్టిలో కాలు జారుతుంది, మ్యాట్ మీద అతుక్కుంటుంది. మట్టి మీద ఆడి ఆడి, తొలిసారి వట్టి కాళ్లతో మ్యాట్ ఎక్కిన మా జట్టొకటి మొదటి సగం అయ్యేసరికి అరికాళ్లు బొబ్బలెక్కి కూర్చుండిపోయింది. పిల్లల తప్పేం లేదు, వాళ్లు మ్యాట్‌ని అప్పుడే చూశారు. అప్పటి నుంచి బూట్లు ముందే సమకూర్చుకుంటున్నాం. పాత విద్యార్థులు చందాలు వేసుకుని కొన్ని జతలు ఇచ్చారు. మ్యాట్ లేకపోయినా బూట్లు తొడిగించి వరండా గచ్చు మీద అడుగులు వేయించండి. కాలు పట్టేసినప్పుడు మోకాలు మెలి తిరగకుండా పాదాన్ని తిప్పడం అక్కడే అలవాటవుతుంది. గచ్చు మీద పట్టులు మాత్రం వద్దు.

ముగ్గురే మిగిలినప్పుడు ఏం చేయాలో వేరుగా నేర్పాలి. ముగ్గురు, అంతకన్నా తక్కువ మంది ఉండగా రైడర్‌ని పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. ఇక్కడ అందరూ చేసే పని ముగ్గురినీ దగ్గరగా ముడేయడం. నేను విడదీస్తాను. ఇద్దరు రెండు మూలల్లో, ఒకరు నడుమ బోనస్ గీతకు కాస్త వెనక. నడుమ ఉన్నవాడు పట్టకూడదు. ఎర వాడు. రైడర్ వాణ్ని తాకాలనుకుని ఒక పక్కకు ఒరుగుతాడు. ఒరిగిన పక్క కార్నర్‌ది పట్టు. మా బాలికలు జిల్లా పోటీల్లో తొలిసారి నెగ్గిన ఆట ఇలాగే తిరిగింది. ముగ్గురే మిగిలారు, ఆలౌట్ అయితే మరో రెండు పాయింట్లు పోతాయి. నడుమ నిలబడ్డ పిల్ల జట్టులో అందరికంటే చిన్నది. ఎదటి రైడర్ పొడగరి. ఆ చిన్నపిల్ల వెనక గీత దాకా మెల్లగా జరుగుతూ రైడర్‌ని లోపలికి లాక్కుంది. చేయి చాచేసరికి కుడి కార్నర్ కాలు, ఎడమ కార్నర్ పరుగున వచ్చి నడుము. ఆ రోజు పాయింట్లు ఆ ఇద్దరికి వెళ్లాయి. తర్వాత కొన్నాళ్లకు ఆ చిన్నపిల్లను నేను డిఫెన్స్‌కి నాయకురాల్ని చేశాను. ఇప్పుడామె నర్సింగ్ చదువుతోంది. సెలవుల్లో వచ్చి కొత్త పిల్లలకు ఎక్కడ నిలబడాలో చూపించి వెళ్తుంది.

ఆదివాసీ దినోత్సవానికి ముందు మరో సన్నాహక ఆట పెట్టాం. ఈసారి మా కుడి కార్నర్ ఒక్కటే పట్టాడు. ఆట ఓడాం, రెండు పాయింట్ల తేడాతో. గట్టు మీద డ్రైవర్లకు కోపం వచ్చింది. కుడి మూల కుర్రాడు పోయినసారి పులిలా ఆడాడు, ఈసారి మీరే వాణ్ని చెడగొట్టారని ముఖం మీదే అన్నారు. నేను పుస్తకం వాళ్ల చేతికిచ్చాను. కుడి మూల చుక్క చుట్టూ సున్నలు నాలుగో ఐదో. ఎదటి జట్టు పెద్ద రైడర్ ఆ పక్కకు పోవడమే మానేసి ఎడమ పక్కకు తిరిగాడు. అక్కడే మా పాయింట్లు పోయాయి, ఎడమ కవర్ సాయం ఆలస్యం కావడం వల్ల. డ్రైవర్లలో ఒకతను పేజీలన్నీ తిప్పి, "అయితే ఇప్పుడు రోగం ఎడమ పక్కకు మారిందన్నమాట" అన్నాడు. అవును, మారింది. తెలిసిన చోటికి మారింది. పెద్దాయన తన చోటు నుంచి లేవకుండానే, "మడమలు కుదిరేయి మాస్టారూ" అన్నాడు.

మండల ఎంపికలకు పిల్లల పేర్లు పంపాల్సిన రోజు వచ్చింది. ఎక్కువ పట్టులు పట్టిన కుర్రాణ్నొకణ్ని పన్నెండుమందిలో ఉంచి మొదటి ఏడుగురిలోంచి తీశాను. వాడి బదులు కుడి ఇన్ ఆడేవాడు, ఇంతవరకు స్కోరు కాగితంలో పేరు పెద్దగా కనబడనివాడు, మొదటి ఏడుగురిలోకి వచ్చాడు. ఈ మాట ముందు పిల్లలకు, తర్వాత గట్టుకు, పనస చెట్ల కిందికి, బాటకు పోయి చెప్పాను. కారణాలు అడిగారు, పేజీలు చూపించాను. ఇలా చెప్పడం అవసరం. ఊరికి తెలియకుండా మార్చిన జట్టుకు ఊరు అరవదు.

ఎడమ కవర్‌తో పని ఇంకా మిగిలింది. వాడి కాళ్లలో వేగం ఉంది, చూపు మాత్రం రైడర్ చేతుల మీద ఉంటోంది. నడుము మీద ఉండాలి. ఇప్పుడు రోజూ పొద్దున్నే కుడి కార్నర్ వాడికి రైడర్‌గా వస్తున్నాడు. చేతులు ఎటు ఊపినా వాడు నడుమునే చూడాలి, నడుము తిరిగిన వెంటనే అడుగు వేయాలి. పుస్తకం కుడి ఇన్ చేతిలో ఉంటుంది. ఒక అడుగు ఆలస్యం అరడుగుకు వచ్చింది. ఎంపికలకు ఇంకా పది రోజులున్నాయి.